పడుకున్నవాడికే ఇచ్చే డబ్బు

మాది హోసూరు బజారు వీధిలో కిరాణా అంగడి. చిల్లర బేరం నేనూ మా అత్తమ్మ జ్ఞానాంబా చూసుకునేవాళ్లం. ఇల్లు గడిచేది మాత్రం మా ఆయన కేశవమూర్తి ఊళ్లు తిరిగి చేసే చింతపండు వ్యాపారంతోనే. 1983లో ఆయన ఉద్దనపల్లి నుంచి మోపెడ్ మీద వస్తుంటే లారీ తగిలింది. కుడికాలు మోకాలి కింద విరిగి, ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. కృష్ణగిరి డాక్టరు ఎముక సరిచేసి కట్టు కట్టాడు. మూడు నెలల్లోపు మంచం దిగితే కాలు దక్కదని గట్టిగా చెప్పి పంపాడు.

ఆయన మంచంలో ఉంటే మేం తినేదేమిటి? మాకున్న ధైర్యమల్లా పద్మనాభం కట్టించిన పాలసీ. పద్మనాభం మా వెనక వాటాలో అద్దెకుండే నంద్యాల మనిషి. పగలు ఫ్యాక్టరీలో ఉద్యోగం, సాయంత్రాలు ఇన్సూరెన్సు. "మాకైతే ఫ్యాక్టరీలో ఈఎస్ఐ ఉంది, మీకేముంది శెట్టిగారూ? ఇది చచ్చిపోతే వచ్చేది మాత్రమే కాదు. దెబ్బ తగిలి పని చేసుకోలేకపోతే వారం వారం డబ్బిస్తారు" అని వెంటపడి యాక్సిడెంటు పాలసీ కట్టించాడు. అప్పుడు అతన్ని నోరారా తిట్టుకున్నాను. దెబ్బ తగిలాక మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. వారం డబ్బుకు కాగితాలు అతనే రాసి కృష్ణగిరి ఆఫీసుకు పంపాడు.

అంతా సవ్యంగా జరిగేదే. మా అత్తమ్మ ఆయన్ని పడుకోనిస్తేనా!

"మా వంశంలో మగవాని చేతి మీదుగానే బోణీ. ఆడదాని చేత్తో బోణీ చేస్తే అంగడి అచ్చి రాదు" అంది.

"డాక్టరు దిగొద్దన్నాడు కదా అత్తమ్మా!"

"దిగమన్నది ఎవురు? కుర్చీతో ఎత్తుకొస్తారు. బోణీ కాంగానే మళ్లా పడుకోబెడతారు. నువ్వు ఊరికే అరవొద్దమ్మా."

మా ఆయనైనా కాదన్నాడా? లేదు. తల్లి మాట ఆయనకు వేదం. రోజూ పొద్దున్నే ఇద్దరు హమాలీలు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టేవాళ్లు. కాలు చింతపండు బుట్ట మీద పెట్టి నొప్పికి పళ్లు బిగబట్టేవాడు.

ఒకరోజు తలుపులు తీయగానే తెల్లచొక్కా మనిషి ఒకడు వచ్చి కర్పూరం అడిగాడు. నేను లోపల కందిపప్పు చెరుగుతున్నాను.

"బేరాలు ఎట్లుండాయి శెట్టిగారూ?" అన్నాడు.

మా కులంలో బోణీ వేళ నోట చెడ్డమాట రానివ్వరు. ఉప్పు అయిపోయినా నిండుకుందంటాం గానీ లేదనం. మా ఆయన నవ్వుమొహం పెట్టి, "అమ్మవారి దయ, బాగా జరుగుతా ఉండాయప్పా" అన్నాడు.

"కాలికి కట్టుంది కదా, పని చేసుకోగలుగుతా ఉండారా?"

"ఓ, దివ్యంగా చేసుకుంటా ఉండాను!"

ఆ మనిషిచ్చిన చిల్లర కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. తర్వాత హమాలీలు మంచం మీదికి చేరిస్తే గోడవైపు తిరిగి మూలిగాడు. వచ్చిన మనిషి కృష్ణగిరి ఇన్సూరెన్సు ఆఫీసరని మాకేం తెలుసు?

నెలలోపే ఉత్తరం వచ్చింది. వ్యాపారం చేసుకుంటూండగా తమ ఆఫీసరు స్వయంగా చూశాడట, చేసుకుంటున్నానని మా ఆయనే చెప్పాడట, కాబట్టి వారం డబ్బు ఇవ్వరట. పద్మనాభం తల పట్టుకున్నాడు.

"అట్లా ఎందుకన్నారు శెట్టిగారూ?"

"బోణీ వేళ ఏడవమంటావేమప్పా?" అన్నాడు మా ఆయన.

పద్మనాభం కృష్ణగిరికి పోయి బతిమాలాడు. బోణీ అంటే ఏమిటో చెప్పబోతే ఆఫీసులో నవ్వారట. వాళ్ల నవ్వు తగలెయ్య! వారం తిరక్కుండానే మా ఆయన చంకకర్ర పెట్టుకుని చింతపండు బేరానికి ఉద్దనపల్లి బస్సెక్కాడు. నేను వాకిట్లో అడ్డం నిలబడితే, "పిల్లోళ్లకు నువ్వు పెడతావా?" అని పక్కకు తోశాడు. అత్తమ్మ కూడా వద్దనలేదు. కొన్నాళ్లకు కట్టులోంచి చీము కారింది. వాసనకు పిల్లలు ఆయన పక్కన పడుకోబోమని ఏడ్చారు.

మళ్లీ కృష్ణగిరి. ఈసారి అత్తమ్మా పద్మనాభమూ కూడా మా వెంట వచ్చారు. డాక్టరు కట్టు విప్పి చూశాడు. బెంగుళూరులో ఆరునెలలు ఉంచి వైద్యం చేయిస్తే కాలు దక్కించుకోవచ్చు, లేదంటే మోకాలి కింద తీసేయాలి, రేపటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

"బెంగుళూరే పోదాం. నా గాజులుండాయి, అంగడుండాది, అమ్మేద్దాం" అన్నాను.

మా ఆయన నా మాట విననట్టే మంచం పక్కనున్న పద్మనాభాన్ని పిలిచాడు.

"పాలసీలో కాలు పోతే ఏమన్నా రాసుండారా అప్పా?"

పద్మనాభం నా వైపు భయంగా చూశాడు. "అది వేరే శెట్టిగారూ. కాలు తీసేస్తే పాలసీ మొత్తంలో సగం ఒకేసారి ఇస్తారు."

"అప్పుడు కూర్చోని ఉండానా, పడుకోని ఉండానా అని చూస్తారా?"

"చూడరు."

మా ఆయన నర్సును పిలిచాడు. "తీసెయ్యమని డాక్టరుకు చెప్పమ్మా" అన్నాడు, అరకిలో చక్కెర పొట్లం కట్టమన్నంత మామూలుగా.

నేను ఆయన కాలి మీద పడి వద్దని అరిచాను. వార్డంతా లేచి చూసింది.

"ఊరుకో వాసవీ. ఈ కాలుండేదాకా మన మాట ఎవురూ నమ్మరు" అన్నాడు.

నర్సు కాగితం తెచ్చింది. ఆయన చేతిలో పెన్ను లాక్కోబోయాను. అత్తమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన సంతకం పెట్టాడు.