ఘాట్ రోడ్డు వెనక్కి ఎక్కిన వ్యాను

నేను ఒక బెడ్‌ఫర్డ్ వ్యానును. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. ఇప్పుడు విశాఖపట్నంలో ఒకాయన పాత బళ్ళు దాచిపెట్టుకున్న పెద్ద హాల్లో ఉంటున్నాను. చూడవచ్చినవాళ్ళు నా గురించి తమకు తెలియనిదంతా పిల్లలకు వివరించి చెబుతుంటారు.

నేను పుట్టింది ఇంగ్లండులోని లూటన్ ఊళ్ళో. పొట్టి ముక్కు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, పక్కకు జరిగే తలుపులు. రొట్టెలు పంచేవాళ్ళు ఆ తలుపులు తెరిచిపెట్టుకునే బండి నడిపి, ఇంటింటికీ చటుక్కున దిగి ఎక్కేవాళ్ళు. నా తోబుట్టువుల్లో కొందరు ఐస్‌క్రీం బళ్ళయ్యారు, కొందరు అంబులెన్సులు. ఇంకొందరిలో జనం పరుపులు పరుచుకుని సముద్రతీరాలకు సెలవులకు వెళ్ళారు. నేను కొన్నాళ్ళు ఒక బేకరీలో పనిచేసి, రొట్టెల వాసన పోకముందే ఓడెక్కి, మన్యం కొండల్లోని ఒక మిషను ఆసుపత్రికి వచ్చాను.

రోగుల కోసం తెచ్చిన బండి ఖాళీగా ఉంటే మనుషులు చూడలేరు. ప్రహరీగోడకు ఇటుకలు, పండక్కి బియ్యం, పెళ్ళికి బంధువులు, అన్నీ మోశాను. కొన్నేళ్ళకు నా మొదటి గేరు పళ్ళు అరిగిపోయాయి. అది నన్ను చేసినవాళ్ళ తప్పు కాదు, ఇటుకల తప్పు.

ఒక వానాకాలం ఉదయం, కొండ అవతలి పల్లె నుంచి గుంపన్న అనే రైతు పరుగున వచ్చాడు. భార్య చిలకమ్మకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. డ్రైవరేమో మలేరియాతో మూలుగుతున్నాడు. నర్సు శాంతకుమారికి ఆసుపత్రి ఆవరణలో నాలుగు చుట్లు తిప్పడం తప్ప డ్రైవింగు తెలియదు. అయినా తాళం తీసుకుంది.

ఇటువైపు ఎత్తు తక్కువ, రెండో గేరుతోనే ఎక్కేశాను. అవతలి ఘాట్ దిగడం సులువే. చిలకమ్మను ఎక్కించుకుని తిరిగొస్తుంటే, ఎత్తు మొదలయ్యేచోట మొదటి గేరు కటకటమని జారిపోయింది. రెండో గేరుకు ఆ ఎత్తు లొంగలేదు. నన్ను కింద వాగు మీది చప్టా దాకా జారనిచ్చి, పల్లెకు పోయి మనుషులు మోసే డోలీ కట్టిద్దామని శాంతకుమారి బండి తిప్పసాగింది. రివర్సు వెయ్యగానే నా వెనక చక్రాలు పక్కనున్న గట్టు మీదికి ఇట్టే ఎక్కేశాయి.

ఆమె బ్రేకు తొక్కింది. రివర్సు గేరుకు మొదటి గేరుకున్నంత బలముందని ఆమెకు అర్థమైంది.

"గుంపన్నా, పెద్ద రాయొకటి అట్టుకుని బండి ముందర నడు. నేనాపితే చక్రం కింద ఎట్టు."

"ముందరేటమ్మా? బండెటెల్తాది?"

"ఎనక్కెల్తాది. కొండెక్కుతాది."

నా వీపు ఎత్తువైపు ఉండేలా తిప్పి, తలుపు బార్లా తెరిచి, తల బయటికి పెట్టి, వెనక్కి చూస్తూ ఆమె నన్ను ఎక్కించింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వాన ఆమె ముఖాన కొడుతోంది. నా ఎదురుగా, రాయి భుజానెత్తుకుని, గుంపన్న నా దీపాల వంకే చూస్తూ నడిచాడు.

లోపల చిలకమ్మ మూలుగుతూ అడిగింది: "ఎనక్కెల్లిపోతన్నామేటి సిస్టరమ్మా? ఇంటికేనా?"

"ఆస్పత్రికేనే. ముందూ ఎనకా నీకెందుకు? గట్టిగా ఊపిరి తియ్యి."

కొండ నడినెత్తిన విశాలమైన చోటు చూసి నన్ను తిప్పింది. తర్వాత దిగడమే. ఆ మధ్యాహ్నం ఆపరేషనయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. నాకు కొత్త గేరు పళ్ళు వచ్చాయి, శాంతకుమారికి లైసెన్సు వచ్చింది. ఆపైన చాలా ఏళ్ళు నన్ను ఆమే నడిపింది.

ఆసుపత్రికి జీపు వచ్చాక, విశాఖ నుంచి ఈ హాలు యజమాని రంగనాయకులుగారు నన్ను కొనడానికి వచ్చారు. తాళం ఇమ్మని చెయ్యి చాచారు. తల నెరిసిన శాంతకుమారి ఇవ్వలేదు. వచ్చి నా సీట్లో కూర్చుంది.

"ఘాట్ రోడ్డు కదమ్మా, మా డ్రైవరున్నాడు," అన్నారాయన.

"ఉండనివ్వండి. మీ కారు తోలుకుంటూ ఎనకాల వస్తాడు. కొండ దిగేదాకా ఇది నాది."

ఆయన పక్క సీట్లో సర్దుకున్నారు. ఆమె తాళం తిప్పింది. మొదటిసారికే నా ఇంజను అందుకుంది.