ప్రశ్నలమ్మ

"నిద్ర ఎలా పడుతోందండీ?"

"పడుతోందిలెండి," అన్నాడు ఎదురుగా కూర్చున్న కండక్టరు.

'పడుతోందిలెండి'కి ఎంత వేయాలి? ఆమె పెన్ను చివర నోట్లో పెట్టుకుని ఆలోచించి, ఒక అంకె వేసింది. పొద్దుటినుంచి అడిగి అడిగి గొంతు ఆరిపోయింది. సీసాలో నీళ్ళు గోరువెచ్చగా, ప్లాస్టిక్ వాసనతో ఉన్నాయి.

ఆసుపత్రి వెనకవైపు, విరిగిన మంచాలు పడేసే గదికి ఆనుకుని ఉంది ఆమె గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. దిగులు జబ్బుతో వచ్చినవాళ్ళని డాక్టర్లు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందులు మాత్రమే. రెండో గుంపుకి మందులతోపాటు మాటల వైద్యం. ఆ మాటలు ఎంతవరకు పనిచేస్తున్నాయో తేల్చడానికి, అందరినీ అవే ప్రశ్నలడిగి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. ఎవరు ఏ గుంపో మాత్రం ఆమెకు తెలియకూడదు. తెలిస్తే తన ప్రమేయం లేకుండానే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందంటారు పెద్ద డాక్టరు. ఆయాలు ఆమెను ప్రశ్నలమ్మ అని ముఖంమీదే పిలుస్తారు. ఆమె పలుకుతుంది కూడా.

ఇంట్లో మాత్రం ఆమె అడిగేది ఒక్కటే: "తిన్నారా?" ఫ్యాక్టరీ మూతపడ్డాక భర్త కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. ఒకసారి పరధ్యానంలో, "ఈమధ్య దేనిమీదైనా ఆసక్తి కలుగుతోందా అండీ?" అని ఆఫీసు గొంతుతో ఆయన్నీ అడిగేసింది.

"చెబితే ఎన్ని మార్కులేస్తావు?" అన్నాడాయన. ఇద్దరికీ నవ్వు రాలేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు.

కండక్టరు వెళ్ళాక పెయింటరు వచ్చాడు. ఇవాళ్టికి ఆఖరు మనిషి. గోళ్ళ చుట్టూ ఎండిన రంగు, చెవి మీద తెల్లచుక్క, మెడలో ఎప్పుడూ ఉండే మఫ్లరు. భార్య పోయాక మంచం పట్టి, ఈమధ్యే మళ్ళీ పనిలోకి దిగినవాడు. ఇదివరకు వచ్చినప్పుడల్లా ఏమడిగినా "పర్లేదండీ" అనే అన్నాడు. ఇవాళ ఆమె నోరు తెరవకముందే మొదలుపెట్టాడు.

"మొన్న నవ్వానండీ."

"దేనికి?"

"నిచ్చెన మీదున్నా. కింద ఆ ఇంటి పిల్ల నన్ను చూసి, 'అమ్మా, ఈ తాత మొహానిక్కూడా రంగేసుకున్నాడు' అంది. నవ్వొచ్చేసింది. తర్వాత భయమేసింది. మా ఆవిడ పోయి ఏడాదన్నా తిరగలేదు, నవ్వడమేంటని. ఆ రోజు నేను పనికెళ్ళబట్టే అది పోయిందని లోపల మళ్ళీ మొదలైంది. అప్పుడు చిన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. అలా అనిపించినప్పుడల్లా, దీనికి రుజువేంటని నన్ను నేనే ప్రశ్నించుకోమంది. అడిగా. దొరకలేదండీ రుజువు."

ఆమె పెన్ను కింద పెట్టింది. చిన్న డాక్టరమ్మ అంటే మాటల వైద్యమే. వినబడనట్టు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన మొహంలో వెలుగు చూస్తుంటే ఊరుకోవాలనే ఉంది. కానీ ఆ వెలుగుకి మార్కు వేయబోయే చెయ్యి అప్పుడే మొగ్గిపోయిందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"ఆ డాక్టరమ్మ సంగతి మీరు నాకు చెప్పకూడదండీ."

"అవును కదూ!" నాలుక కరుచుకున్నాడు.

"ఇక నేను మార్కులేయకూడదు. అటుపక్క గదిలో ఇంకో మేడమ్ ఉన్నారు. ఆవిడకి మొదటినుంచి చెప్పాలి."

"నవ్విన సంగతి కూడానా?"

"అన్నీనండీ."

ఆయన గోటి పక్కన ఎండిన రంగు గీక్కున్నాడు. "వద్దులెండమ్మా. మీకు చెప్పేశాగా. మళ్ళీ చెబితే అరిగిపోతుంది." లేచాడు. "నేనిక రాను. పక్క ఊళ్ళో పెద్ద పని ఒప్పుకున్నా. ఏమీ అనుకోకండి." దణ్ణం పెట్టి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

జరిగింది చెబితే పెద్ద డాక్టరు, "మధ్యలో మానేసినవాళ్ళలో వేసెయ్యండి," అన్నారు.

"ఆయన నవ్వారు సార్."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. ఆయనా అలిసిపోయే ఉన్నారు. "సంతోషమే అమ్మా. కానీ లెక్కలోకి ఎలా తెస్తాం?"

గదికి తాళం వేద్దామని వచ్చి ఫ్యాను ఆపింది. కుర్చీ వీపున పెయింటరు మఫ్లరు వేలాడుతోంది. భార్య అల్లిందట, మండుటెండలో కూడా మెడనుంచి తీసేవాడు కాదు. ఆమె గేటుదాకా పరుగెత్తింది. ఆయన కనిపించలేదు. తిరిగొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. ముదురు నీలం ఉన్ని, మెడ తగిలేచోట అరిగి పలచబడింది. ఇంకా వెచ్చగా ఉంది.