ఎత్తుదా, పొట్టిదా

షెడ్లో బల్ల మీద రెండు మానిఫోల్డులూ పక్కపక్కనే ఉన్నాయి. షెవెల్ కారు బానెట్ ఎత్తి ఉంది. ఇంజిన్ నడిమి భాగం నోరు తెరుచుకుని ఉంటే, అందులోకి దుమ్ము పోకుండా పాత తువ్వాలు కప్పారు. మర్ల్ రెండు చేతులూ ఫెండర్ మీద ఆనించి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది.

"ఏంటి బావా, అలికిడి లేదు? పోయావా?" తలుపు దగ్గర మడత కుర్చీలోంచి అడిగాడు ఎల్డన్.

"నేను పోతే పొద్దున్నే నిన్ను కాఫీకి తీసుకెళ్ళేదెవడు? నిశ్చింతగా పోయే యోగం కూడా లేదు నాకు."

"మరి మూలుగైనా మూలుగు. కళ్ళు కనపడనివాణ్ణి, నీ సంగతి నాకెలా తెలుస్తుంది?"

ఎల్డన్ మర్ల్ భార్య జోనెల్‌కి తమ్ముడు. రోడ్డుకి అవతలి ఇంట్లో ఒక్కడే ఉంటాడు. షుగర్ అతని చూపులో నడిమి భాగం తినేసింది, అంచుల్లో మాత్రం నీడల్లాంటివి మిగిలాయి. లైసెన్సు పోయింది, సొంత కారు అమ్మేశాడు. ఈ షెవెల్‌లో సగం వాటా మాత్రం ఇంకా అతనిదే. మన్సీ ఊళ్ళో గేర్ల ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో, బావాబావమరుదులిద్దరూ ఒకే షిఫ్టులో పనిచేస్తూ కలిసి కొన్నారు దాన్ని. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు గడ్డి మొలిచింది. కారు మాత్రం మిగిలింది.

మానిఫోల్డంటే పెద్ద వింతేం కాదు. కార్బ్యురేటర్ కింద కూర్చుని, గాలినీ పెట్రోలునీ ఎనిమిది సిలిండర్లకీ పంచిపెట్టే అల్యూమినియం దిమ్మ. వాళ్ళ దగ్గర రెండున్నాయి. పొట్టిదాని లోపల రెండు అరలు, సన్నటి దారులు. నెమ్మదిగా పోతున్నప్పుడు కారు పెళ్ళికొడుకులా నడుస్తుంది, వేగం పెరిగాక మాత్రం ఊపిరాడక మొరాయిస్తుంది. ఎత్తుదాని లోపల అంతా ఒకటే హాలు. ఇంజిన్ గొంతెత్తి అరిచేటప్పుడు అది దేవుడిచ్చిన వరం. అదే ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు సరిగా కలవక దగ్గుతుంది, కుదుపుతుంది, ఉన్నట్టుండి చచ్చిపోతుంది.

అందుకని ఏళ్ళ తరబడి మర్ల్ చేసిన పని ఇది: శుక్రవారం మధ్యాహ్నం పొట్టిది విప్పి ఎత్తుది పెట్టడం, శనివారం డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే కార్ల పందేల బాటకి, వెళ్ళి పావు మైలు పరుగెత్తించడం, ఆదివారం చర్చి నుంచి రాగానే మళ్ళీ పొట్టిది బిగించడం. ప్రతిసారీ నీళ్ళు వంపాలి, డిస్ట్రిబ్యూటర్ పీకాలి, అంటుకుపోయిన గాస్కెట్లు గీకాలి. బుద్ధున్నవాడెవడూ చెయ్యడు. ఇద్దరికీ వయసున్నప్పుడు అదొక సరదా. ఇప్పుడు చేసేవాడు ఒక్కడే, అతనికీ మోకాళ్ళు మాట వినడం మానేశాయి.

ఈ శుక్రవారం తల ప్రాణం తోకకొచ్చింది. బోల్టొకటి వేళ్ళలోంచి జారి ఇంజిన్ లోపల పడింది. అది అక్కడుంటే ఇంజిన్ సర్వనాశనం. మర్ల్ వంగీ వంగీ వెతికాడు. చివరికి అయస్కాంతం కర్రతో అది దొరికింది గానీ, అతను మాత్రం లేవలేకపోయాడు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ వంటశాలలో పని ముగించుకుని జోనెల్ వచ్చింది.

"బావుంది. ఒకడికి కళ్ళు లేవు, ఒకడికి నడుం లేదు. మీరిద్దరూ కలిసి ఒక మనిషి కూడా కారు," అంది. భర్త భుజం కింద చెయ్యేసి నెమ్మదిగా లేపింది. ఆ తర్వాత గొంతు మారింది. "మర్ల్, నా వల్ల కాదిక. ఇదే ఆఖరు. ఏదో ఒకటి బిగించు, ఇక అదే ఉంటుంది. మళ్ళీ విప్పావంటే మాత్రం నీ పక్క ఈ షెడ్లోనే."

ఆవిడ అలా అనేసి వెళ్ళిపోయింది. ఏదో ఒకటంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

పొట్టిది పెడితే పది సెకన్ల మాట మర్చిపోవాలి. పావు మైలు పదీ చిల్లర సెకన్లలో దాటాలని, ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరి ముందూ పంతం పట్టినవాళ్ళు వీళ్ళు. నంబర్‌ప్లేటుతో రోడ్డు మీద నడిచే కారుతోనే, లారీ మీద ఎక్కించి తెచ్చే కారుతో కాదు. పదకొండు మీద వెంట్రుకవాసి దాకా వచ్చి ఆగిపోయారు. ఈ చలికాలం ఇంజిన్ హెడ్లలో గాలి పోయే దారులు వెడల్పు చేయించారు కాబట్టి, ఎత్తుది ఉంటే ఈసారి తప్పదు.

ఎత్తుది పెడితే పొద్దుటి ప్రయాణం పోతుంది. పికప్ ట్రక్కు చీకటితోనే జోనెల్‌తో వెళ్ళిపోతుంది. మిగిలేది షెవెల్ ఒక్కటే. రోజూ పొద్దున్నే అందులోనే ఎల్డన్‌ని ఎక్కించుకుని, రైలు పట్టాల పక్కనున్న హోటల్‌కి తీసుకెళ్తాడు మర్ల్. పాత ఫ్యాక్టరీవాళ్ళంతా అక్కడే చేరతారు. బిస్కెట్లనే మెత్తటి రొట్టెల మీద గ్రేవీ పోసుకుని తింటూ, పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ ఏకిపారేస్తారు. ఎల్డన్‌కి రోజంటే ఆ రెండు గంటలే. ఆ తర్వాత అతని ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు వినపడదు. ఇలాంటివాళ్ళ కోసం కౌంటీ ప్రభుత్వం నడిపే వ్యాన్ ఉంది గానీ, అది ఆసుపత్రికీ సరుకుల కొట్టుకీ తప్ప ఇంకెక్కడికీ పోదు.

"ఎత్తుదే పెడతాను," అన్నాడు మర్ల్ చివరికి. "ఇన్నేళ్ళ కల. నీ కోసమైనా పెట్టాలి."

ఎల్డన్ ఆ గొంతు వైపు తల తిప్పాడు. "నా కోసమని అనకు."

"మరెవరి కోసంరా?"

"బావా, స్ట్రిప్ చివర ఆ టైము బోర్డు మీద అంకెలు నాకు కనపడవు. పది పడినా పదిహేను పడినా నాకు ఎర్రటి మరకే. నాకు కావలసింది పొద్దుటి కాఫీ. ఆ సంగతి నన్నడిగావా? అడగలేదు. అడగకుండా 'నీ కోసం' అంటావేం? నీకు కావాలంటే 'నాకు కావాలి' అని చెప్పు. నీకా హక్కుంది. నా నెత్తిన మాత్రం రుద్దకు."

మర్ల్‌కి కోపం వచ్చింది. నిజం మొహాన కొడితే ఎవరికి రాదు? ఏదో అనబోయాడు. నడుం కలుక్కుమంది. అలాగే బల్ల పట్టుకుని, "అవును, నాకే కావాలి," అన్నాడు. "నలభై ఏళ్ళు గేర్లు కోశాను. ఆ గేర్లు ఎవరి బళ్ళలో ఉన్నాయో, ఎక్కడ తుప్పు పట్టాయో తెలీదు. ఇదొక్కటైనా నేను చేశానని ఉండాలి. కావాలిరా నాకు."

"అదీ మాట. పెట్టు మరి. నేను వ్యాన్‌లో తిరుగుతాలే. డ్రైవరమ్మ గొంతు బావుంటుందట."

నవ్వించడానికే అన్నాడు. మర్ల్‌కి నవ్వు రాలేదు. ఎత్తుదాన్ని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఇంజిన్ మీదికి దించారు.

శనివారం సాయంత్రం చల్లగా ఉంది, గాలి కూడా మంచిది. ఎల్డన్ కంచె దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. దీపాలు పచ్చగా మారగానే షెవెల్ ముందు చక్రాలు రెండూ కాస్త లేచి మళ్ళీ నేలకి ఆనాయి. గేరు మారినప్పుడల్లా మర్ల్‌ని ఎవరో వెనక్కి లాగి సీటుకేసి కొట్టినట్టయింది. నడుం సంగతి గుర్తే లేదు. ఆ చివర స్ట్రిప్ వాళ్ళు ఇచ్చిన టైము చీటీ మీద పది పాయింట్ తొమ్మిది ఏడు అని ఉంది. కారాపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాడు. తిరిగి వచ్చేసరికి ఎల్డన్ అప్పటికే పక్కవాణ్ణి అడిగి అంకె తెలుసుకున్నాడు. లేచి నిలబడి చేతులు చాపాడు. "సాధించావు బావా," అంటూ వీపు మీద ఎంత గట్టిగా చరిచాడంటే, మర్ల్‌కి ప్రాణం పోయినంత పనైంది.

సోమవారం పొద్దున్న మర్ల్ హారన్ కొట్టాడు. ఎల్డన్ వరండాలోకి వచ్చి ఇంజిన్ చప్పుడు కాసేపు విని, తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. ఆ దగ్గు నాకు ఇక్కణ్ణుంచే వినపడుతోంది. దారిలో ఆగిపోతే నువ్వు తొయ్యలేవు, నాకెటు తొయ్యాలో తెలీదు. నువ్వెళ్ళి చీటీ చూపించిరా."

మర్ల్ ఒక్కడే వెళ్ళాడు. మెయిన్ స్ట్రీట్ సిగ్నల్ దగ్గర కారు రెండుసార్లు చచ్చింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, ఒకామె కిటికీ దించి తిట్టింది కూడా. ఇంజిన్‌కి కొత్తగా వేసిన స్పార్క్ ప్లగ్గులన్నీ మసిబారి ఉంటాయి. హోటల్లోకి అడుగు పెట్టేసరికి అతని చొక్కా అంతా పెట్రోలు వాసన.

చీటీ బల్ల చుట్టూ తిరిగింది. అందరూ భేష్ అన్నారు. ఒకాయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. ఇంకొకాయన దాని మీద కాఫీ ఒలకబోసి, సారీ చెప్పాడు. అంతే. ఆ తర్వాత మాట మొక్కజొన్న ధర మీదికి మళ్ళింది. వడ్డించే అమ్మాయి అలవాటుగా రెండు కప్పులు పెట్టి, "ఎల్డన్ గారేరీ? ఒంట్లో బాలేదా?" అంది. మర్ల్ ఆ రెండో కప్పుని పక్కకి జరిపాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. రోజూ ఈపాటికి ఆ కుర్చీలోంచి, మర్ల్ చెప్పే ప్రతి మాటకీ ఒక అడ్డుపుల్ల పడేది. అతను బిస్కెట్ సగంలోనే వదిలేసి లేచాడు.

ఎలాగో ఇల్లు చేరాడు. చీటీని జేబులోంచి తీసి కూడా చూడలేదు. షెడ్లోకి వెళ్ళి, ఇంజిన్ చల్లారేదాకా కూర్చుని, రేడియేటర్ కింద బేసిన్ పెట్టి నీళ్ళు వంపాడు. మొదటి బోల్టు విప్పడానికి వంగగానే నడుం నిప్పులు కక్కింది. అయినా విప్పాడు.

రెంచి చప్పుడు రోడ్డు దాటి వినపడినట్టుంది. కర్ర తాటించుకుంటూ ఎల్డన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏం విప్పుతున్నావు?"

"ఎత్తుది."

"మతి పోయిందా? మా అక్క ఏమందో గుర్తుందా?"

"ఉంది. రాత్రికి పక్క ఇక్కడే వేసుకుంటాలే."

"నాకు వ్యాన్ ఉందని చెప్పానా లేదా? నా మీద జాలిపడొద్దు బావా. నాకది నచ్చదు."

మర్ల్ రెంచి కింద పెట్టాడు. ముఖం మీది చెమట భుజానికి తుడుచుకున్నాడు.

"నీ మీద జాలేంట్రా? అది పది సెకన్లు, ఎల్డన్. పది సెకన్లే కదా, అయిపోయింది. మిగతా రోజంతా అలాగే ఉంది. అక్కడ నా పక్కన ఎవడూ లేడు. ఒక్క కాఫీ తాగలేకపోయాను. నీ కోసం కాదు, ఒట్టు. నాకే కావాలి."

ఎల్డన్ కర్ర గోడకి ఆనించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, తడుముకుంటూ ఫెండర్ దాకా వచ్చాడు.

"ఈ మాట శుక్రవారమే అని ఉంటే నీ నడుం మిగిలేది. జరుగు, అటు పక్క బోల్టులు నేను విప్పుతాను."