తగ్గిన సౌండ్

ఎల్బీ నగర్ ఇంట్లో రజిత పాటలు పెట్టుకుని వంట చేస్తుండగా హోమ్ థియేటర్ సౌండ్ దానంతటదే తగ్గింది. ఫోన్ తీసి పెంచింది. మళ్ళీ తగ్గింది. దానికి రిమోట్ రెండు ఫోన్లలోని యాపే, ఎక్కడున్నా పనిచేస్తుంది. ఒకటి తనది. రెండోది గొడవపడి దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని వెళ్ళిపోయిన భర్త మహిపాల్‌ది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె మాట వినబడాలని అతను సోఫాలోంచే అలా తగ్గించేవాడు.

ఆమె ఫోన్ చేసింది.

"నువ్వేనా తగ్గిస్తున్నది?"

"అవ్. పాట నడుస్తున్నట్టు ఫోన్ల కనవడ్డది. యాప్‌లకెల్లి నన్ను తీసేసినవనుకున్న."

"తీసెయ్యబుద్ధి కాలే."

రజిత పొయ్యి మంట తగ్గించింది.

"ఏం వండినవ్?"

"చింతచిగురు పప్పు."

రమ్మనాలని నోటిదాకా వచ్చింది. వస్తే మళ్ళీ అదే గొడవవుతుందేమోనని ఆగిపోయింది.

"తిను మరి," అని అతను పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం రజిత పాటలు ఇంకాస్త గట్టిగా పెట్టి, పొయ్యి వెలిగించకుండా సోఫాలో కూర్చుంది. పాట సగంలో ఉండగా సౌండ్ మెల్లగా తగ్గింది.

"ఇయ్యాల ఇంకా ఏం వండలే," అంది ఖాళీ గదిలో, అతను విన్నట్టే.