మజ్జిగలో రెండోసారి ఉప్పు

పుప్పాలగూడలో రుక్కమ్మ ఇంటి తలుపుకు రెండు తాళాలు. ఒకదాన్ని దొంగ విరగ్గొట్టినా రెండోది ఉంటుందని ఆమె ధైర్యం. కానీ ఆ రోజు ఆమె భయమంతా కూతురి మొక్క గురించి.

భర్త ఎల్లేశం ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. ఉద్యోగం పోయినవాళ్లు ఒక చేత్తో అట్టపెట్టె, ఇంకో చేత్తో మొక్క పట్టుకుని బయటికొస్తారని ఎప్పుడో నోరు జారాడు. కూతురు యశస్విని ఆఫీసు బల్ల మీద కూడా ఒక మొక్క ఉంది. ఆమె ఉద్యోగం పర్మినెంట్ కావాలంటే, రాసిన కోడు ఆ సాయంత్రం నాలుగింటికల్లా మూడు రకాల మిషన్ల మీద, అంటే కంప్యూటర్ల మీద నడవాలి. ఆ రోజు ఇంటినుంచే పని చేస్తోంది.

మూడింటికి రెండు మిషన్లు నడిచాయి. మూడోది మొరాయించింది.

"ఏమైంది బిడ్డా?"

"సీ అనే కంప్యూటర్ భాషల మాక్రో అని ఉంటదమ్మా. ఒక పనికి ఒక పేరు పెడతం. ఆ పేరు కొన్ని మిషన్లల్ల ఉంటది, కొన్నిట్ల ఉండది. లేనికాడ పని ఆగొద్దని మనది మనం రాసి పెట్టుకుంటం."

"మంచిదే గద. నేను సుత గట్లనే చేస్త."

"మరి గీ పాత మిషన్ ఒప్పుకుంటలేదు."

రుక్కమ్మకు అట్టపెట్టె కళ్లముందు కదిలింది. కూతురి పక్కన మజ్జిగ గ్లాసు కనిపించింది. ఈ పరేషాన్‌లో పిల్ల ఉప్పు మరిచే ఉంటుందని ఓ చెంచాడు వేసి కలిపింది.

యశస్విని ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది.

"ఉప్పు నేను ముందే ఏసుకున్ననమ్మా."

"ఏసుకోకపోతే?"

"ఉన్నదో లేదో జర ముందుగాల చూడొద్దా? లేకపోతేనే ఎయ్యాలె. ఎవలన్న చూడకుండ..."

యశస్విని కంప్యూటర్ తెర వైపు చూసింది.

"ఏంది?"

"నేను సుత చూడలే. ఆ మిషన్ల ఆ పేరు ముందే ఉన్నది. దానిమీదికెల్లి నాది మల్ల పెట్టిన."

"ఎవల బిడ్డ మరి," అన్నాడు రాత్రి డ్యూటీ దిగి పడుకున్న ఎల్లేశం, కళ్లు తెరవకుండానే.

యశస్విని తన మాక్రోకు పైన ఒక వరుస, కింద ఒక వరుస చేర్చింది. ఆ పేరు ఇక్కడ లేకపోతేనే ఇది తీసుకో అని వాటి అర్థం. నాలుగింటికి పది నిమిషాలుండగా మూడో మిషన్ కూడా నడిచింది. కాసేపటికి మేనేజర్ మహేందర్ ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి యశస్విని తల్లివైపు తిరిగింది.

"పర్మినెంట్ అయిందమ్మా."

రుక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మంచిగైంది. రేపు ఆఫీసుకెల్లి వచ్చేటప్పుడు ఆ మొక్కను ఇంటికి తెచ్చుకో."

"ఎందుకే? ఉద్యోగం ఉన్నది గద."

నిజమే, చూడకుండా చేస్తే ఏమవుతుందో రుక్కమ్మకు మజ్జిగతో ఇప్పుడే తెలిసింది.

"సరే, ఆడనే ఉండనీ. ఇగ రోజూ పొద్దుగాల ఆఫీసుకు పోంగనే, ఉద్యోగం ఉన్నదో లేదో చూసి నాకు ఫోన్ జెయ్యి."