కుడిచేతి బూజు

కాఫీ తాగగానే నరసింహ పెరట్లో అద్దాల గదికి వెళ్లి కరివేపాకు కుండీలను పలకరిస్తాడు. నేపర్‌విల్‌లో మంచు పడే నెలలన్నీ పన్నెండు తెలుగు కుటుంబాల మొక్కలు అక్కడే తలదాచుకుంటాయి. వాటికి నీళ్లు పోసేది కృష్ణకుమారి. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటుంది.

"మధ్యాహ్నం పది నిమిషాలు పైకిటికీ తెరవండి, అన్నయ్యగారూ. చలికన్నా చెమ్మే చెడ్డది," అని ఆమె డిసెంబరు నుంచీ చెబుతూనే ఉంది.

నలభై ఏళ్లు సేద్యం చేసినవాడికి ఒకరు చెప్పాలా అని నరసింహ పంతం పట్టాడు. హీటర్ వేడి పోకుండా కిటికీకి ప్లాస్టిక్ షీట్ కూడా అంటించాడు. అద్దాలకు పట్టిన నీరు బొట్లు బొట్లుగా ఆకుల మీద పడింది. జనవరిలో ఒక ఆదివారం చూస్తే తొమ్మిది కుండీలకు బూడిదరంగు బూజు.

కుండీల వాళ్లందరూ వచ్చేలోపు షీట్ పీకి హీటర్ వెనక కుక్కేశాడు. ఎలా జరిగిందని అడిగితే, "సాయంత్రాలు నీళ్లు పోస్తే ఇంతే మరి," అనేశాడు.

ఆమె ఒక్క సాయంత్రమూ పోయలేదు. అది అతనికీ తెలుసు. కృష్ణకుమారి కొంగు ముడిలోని గది తాళంచెవి తీసి మేకుకు తగిలించి, తన కుండీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నరసింహ కుడి అరచేతిలో బూజు మొలిచింది. సబ్బుతో రుద్దితే పోయేది, అన్నం వేళకు మళ్లీ వచ్చేది. డాక్టర్ చూసి, చెయ్యి పొడిగా ఉంచుకోమని చెప్పి బీపీ మాత్ర మార్చాడు. కూతురు చంద్రిక మాత్రం, "నాన్నా, ఆ చేత్తో ఆవకాయ జాడీ ముట్టుకోకు, పాడైపోతుంది," అని తనే వడ్డించింది.

వడ్డిస్తూనే ఇంకో మాట చెప్పింది. కృష్ణకుమారి ఆంటీ శుక్రవారం విమానమెక్కి ఫ్రిస్కోలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతోందట, ఇక్కడ తనకింకేం పని ఉందని అందట. అక్కడ కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే, కారు నడపడం రాని మనిషి రోజంతా గోడలు చూస్తూ కూర్చోవాల్సిందే.

నరసింహ కంచం పక్కకు జరిపాడు. బూజు మణికట్టు దాటింది.

గురువారం మధ్యాహ్నం నరసింహ ఆ కుటుంబాలన్నిటినీ పిలిచాడు, కృష్ణకుమారిని చంద్రిక చేత బతిమాలించి రప్పించాడు. హీటర్ వెనక నుంచి షీట్ లాగి నేల మీద పడేశాడు.

"కిటికీ మూసింది నేను. ఇది అంటించింది ఈ చెయ్యే. ఆ తల్లి మీద అబద్ధం చెప్పాను."

కృష్ణకుమారి దగ్గరికొచ్చి, ఆకును చూసినట్టే ఆ చేతిని తిరగేసి చూసింది.

"వేళ్ల సందుల్లో ఇంకా చెమ్మ ఉంది," అంది.

పైకిటికీ తెరిచింది. మంచుగాలి లోపలికి దూసుకొచ్చింది. అతని చేతిని ఆ గాలికి ఎదురుగా ఎత్తి పెట్టింది.

"పది నిమిషాలు. దించకండి."

"చలేస్తోందమ్మా."

"వెయ్యనీండి."

బూజు పిండిలా రాలసాగింది. ఆమె ఫోన్ తీసి కొడుక్కి కలిపింది. "సృజన్, టికెట్ క్యాన్సిల్ చెయ్యరా. మార్చి దాకా నాకిక్కడ పనుంది." మేకు మీది తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

పది నిమిషాలు అయిపోయాయి. నరసింహ చెయ్యి దించలేదు.