నాకోసం కోయించిన నాగు

పాము పెంట ఆరకముందే ఎత్తేయాలి. ఆరిందంటే అద్దానికి అతుక్కుపోయి ఎంత గోకినా రాదు. పొద్దున్నే స్కూలు క్యాంటీన్ పనికి పరుగెత్తే ముందు పద్నాలుగు గాజుపెట్టెలు తుడవడం నా వంతు. పాములు మాత్రం మా ఆయన వెండెల్‌వి. వాటిని పెంచే లైసెన్సు ఆయన పేరునే, ఫోటోల్లో ఉండేదీ ఆయనే. మా ఊరు ఒకాలాలో అందరూ ఆయన్ని పాముల వెండెల్ అంటారు, నన్నేమో పాముల వెండెల్ పెళ్లాం అంటారు. నా పేరు కోరా. ఎవరూ అడగరు గనక నేనే చెప్పుకుంటున్నాను.

పదమూడు పాములకి విషం లేదు. పద్నాలుగోదిగా నాగు వచ్చినప్పుడు మాత్రం అడ్డం తిరిగాను. "నావల్ల కాదు, దీని పెట్టె నువ్వే తుడుచుకో" అన్నాను. మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మా అత్తగారు నడీన్ ఫోన్ చేసి, "వాడు తాగడు, తిరగడు. ఉన్నది ఒక్క సరదా. అదీ ఓర్చుకోలేవా అమ్మాయ్?" అంది. నాలుగోనాడు వెండెల్ నాగుని పెట్టెతో సహా కారెక్కించుకుపోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. "పక్క కౌంటీలో ఒకడున్నాడు. విషపు తిత్తులు కోయించేశా. ఇప్పుడిది ఉత్త తాడు. నీకోసమే చేయించా, ఇకనైనా ఏడుపు ఆపు" అన్నాడు.

నీకోసమేనట! ఆ రాత్రి నాకు తిండి సహించలేదు. మా పశువుల డాక్టరమ్మ ఛీ, చెయ్యనని మొహం మీదే చెప్పే పని అది. ఎవడో గ్యారేజీలో, మత్తిచ్చాడో లేదో, దాని దవడ చీల్చాడు, నేను భయం లేకుండా పెంట ఎత్తడానికి. దేవుడు దానికిచ్చిన ఆయుధం ఒక్కటే, అదీ తీసేయించాం. ఏడు నెలలు రోజూ "క్షమించవే తల్లీ" అనుకుంటూ దాన్ని వట్టి చేత్తో పక్కకి జరిపాను. అది పడగ విప్పి బుస్సుమనేది. తన దగ్గర ఏమీ మిగల్లేదని పాపం దానికింకా తెలియదనుకుని కళ్లు తుడుచుకునేదాన్ని.

కానీ ఒక్క సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. కోయించిన మర్నాడే అది ఎలుకని ఎలా మింగింది? అడిగితే "గట్టి ప్రాణం" అన్నాడు. వెండెల్ ఒక్కనాడైనా దాని మీద చెయ్యి వేయడేం? కొక్కెం కర్ర లేనిదే దగ్గరికి పోడు. అడిగితే "అలవాటు" అన్నాడు. అన్నింటికీ జవాబుంది. అదే నాకు అనుమానం.

మొన్న మంగళవారం ఐసులో పెట్టిన ఎలుకలు అయిపోతే బతికున్న ఎలుకని వేశాను. నాగు ఒక్క కాటేసి వెనక్కి తగ్గింది. ఎలుక నాలుగడుగులు వేసి, పక్కకి ఒరిగి, కాళ్లు తన్నుకుని ఆగిపోయింది. గడియారం చూశాను. రెండు నిమిషాలైనా కాలేదు. తర్వాత నా చేతులు చూసుకున్నాను.

వెండెల్‌కి ఆ రోజు సెలవు. హాల్లో టీవీ చూస్తున్నాడు.

"కోయించలేదు కదూ?"

తల తిప్పలేదు. "కోయిద్దామనే వెళ్లా. అంత మంచి పాముని పాడు చెయ్యడానికి మనసొప్పలేదు. చెబితే నువ్వు తుడుస్తావా? అయినా ఏడు నెలల్లో నీకేమైందిప్పుడు? గుండ్రాయిలా ఉన్నావుగా!"

నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమే వేసింది, దాన్నెవరూ కోయలేదని. ఆ తర్వాత ఒళ్లు మండింది. మనసొప్పలేదట! ఈయనగారికి మనసుంది, పాము దవడ దాకా వచ్చి ఆగింది.

వంటింట్లోకి పోలేదు. అక్కడే, ఆయనెదురుగానే నిలబడి వన్యప్రాణుల ఆఫీసుకి ఫోన్ చేశాను. "మా ఇంట్లో విషమున్న నాగుని, లైసెన్సు లేని మనిషి చేత పట్టిస్తున్నారు. విషం లేదని అబద్ధం చెప్పి మరీ" అన్నాను.

వెండెల్ టీవీ కట్టేశాడు.

"అయ్యో, ఎవరమ్మా ఆ మనిషి?" అంది అవతలి గొంతు.

"నేనే" అన్నాను. "పేరు రాసుకోండి."